మైకులో మోషే, మోర్చాలో మేము

మమ్మల్ని దించిన ఊళ్లో గుక్కెడు నీళ్లిచ్చిన మనిషి లేడు.

మొగుళ్లపల్లి మండలంలో ఒక పల్లె. జూలై నెల, ఆదివారం సాయంత్రం, సన్నటి వాన. హైదరాబాద్ నుంచి లారీల్లో వచ్చాం. జనగామ దాటుతుంటే రాళ్లు పడ్డాయి. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్న జవాను ఒకడికి నుదురు చిట్లింది. హనుమకొండ, పరకాల దాటాక తారు రోడ్డు అయిపోయి నల్లరేగడి బురద మొదలైంది. ఊరు చేరేసరికి లారీ చక్రాలకూ మా బూట్లకూ ఒకటే రంగు. మా రేడియో ఆపరేటర్ సీసా పట్టుకుని బోరింగు దగ్గరికి వెళ్లాడు. అక్కడున్న ఆడవాళ్లు బిందెలెత్తుకుని లేచారు. పోతూ పోతూ ఒకామె బోరింగు హ్యాండిల్ బోల్టు ఊడదీసి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం బాగా రగిలిన రోజులవి. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని వేర్వేరు జిల్లాలు చెప్పుకుంటున్నారు గానీ అప్పుడంతా ఒకటే జిల్లా, ఒకటే మంట. నేను కేంద్ర బలగంలో జవానును. ఊరివాళ్ల లెక్కలో మేమంతా ‘మిలిట్రోళ్లం’. ఈమధ్య పెళ్లి విందుల్లో పక్కన కూర్చున్నవాళ్లు అడుగుతుంటారు, అప్పుడు నువ్వు ఎటువైపు ఉన్నావని. బిర్యానీ నములుతూ అడిగే మాట కాదది. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో జాలిగా తల ఊపకండి, నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు రాయప్ప. మాది తరిగొప్పుల దగ్గర పల్లె. మా కతోలికుల్లో పేతురును రాయప్ప అనీ, పౌలును చిన్నప్ప అనీ అంటారు. ఇద్దరికీ ఒకటే పండుగ, జూన్ ఆఖరున. మా అవ్వ, అదే మా అమ్మ, ఆ పండుగ మీద భక్తితో పెద్దోడికి రాయప్ప అనీ చిన్నోడికి చిన్నప్ప అనీ పేర్లు పెట్టింది. ఏటా ఆ రోజు ఇద్దరికీ కలిపి ఒకే కోడి కోసేది. ఆ ఏడు పండుగకు నాకు సెలవు దొరకలేదు. ఆ రోజే చిన్నప్ప ధర్నాకని జనగామ పోయాడు. లాఠీ దెబ్బకు కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. ఆ లాఠీ జిల్లా పోలీసుదో, కేంద్ర బలగానిదో తెలియదు. మా అవ్వకు తెలుసుకోవలసిన పని కూడా లేదు. “నీ దోస్తులే కొట్టిండ్రు. నాకు ఫోన్ చెయ్యకు” అని పెట్టేసింది. రెండు వారాలు గడిచాయి. నేను చేస్తే ఎత్తడం లేదు.

అట్లాంటి సమయంలో నన్ను సరిగ్గా మా జిల్లాకే పంపారు. ప్లాటూన్‌లో తెలుగు వచ్చినవాడిని నేనొక్కడినే. “నువ్వు మా చెవివి” అన్నాడు కమాండర్ సాబ్. హర్యానా మనిషి, ఎత్తరి, మాట తక్కువ. మేం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఆ మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మాకు బస ఒక మిషన్ బడిలో. తరగతి గదిలో బెంచీలు గోడకు నెట్టి కింద పడకలు. గేటు పక్కన ఇసుక బస్తాలు పేర్చి మోర్చా కట్టాం. లాఠీ, షీల్డు, హెల్మెట్, టియర్ గ్యాస్ గన్, ఒక వైర్‌లెస్ సెట్. గోడ అవతల కతోలిక గుడి. గుడి ముందు గంట కట్టిన ఇనుప స్తంభం, దాని నెత్తిన మైకు. మైకు మూతి సరిగ్గా మా మోర్చా వైపు తిరిగి ఉంది. నాకు ఆ స్తంభం చూడగానే కొంచెం ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్లోనూ అట్లాంటిదే ఉంది.

సోమవారం ఇంకా చీకటి విడవకముందే గంట మోగింది. ఆ వెంటనే మైకులో గొంతు. “ఇయ్యాల పునీత బెనెడిక్టు పండుగ. మొదటి పఠనం...” అని మొదలుపెట్టింది. సెంట్రీ సెట్‌లో అరిచాడు.

“మైకు మొదలైంది సార్. ఏదో ప్రకటన. ఓవర్.”

కమాండర్ బనీను మీదే వచ్చాడు. “ఏమంటున్నాడు?”

నేను విన్నాను. యోసేపు ఎవరో తెలియని కొత్త రాజు ఐగుప్తులో గద్దెనెక్కాడు. ఇశ్రాయేలు ప్రజలు ఎక్కువైపోతున్నారని భయపడి వెట్టిచాకిరీ పెట్టాడు. “బైబిల్ సార్. పాత కథ. రోజుకో ముక్క చదువుతారు” అన్నాను. ఆయన సరే అన్నట్టు వెళ్లిపోయాడు.

మా పల్లెల్లో ఫాదర్ గారు ఆదివారానికే వస్తారు. మిగతా రోజులు ఉపదేశి గంట కొట్టి, ఆ రోజు ఏ పునీతుడి పండుగో చెప్పి, ఆ రోజు వాక్యం చదువుతాడు. నాట్లకు పోయేవాళ్లు, పత్తి చేలకు పోయేవాళ్లు గుమ్మంలో నిలబడి విని సిలువ గుర్తు వేసుకుని పోతారు. ఏ రోజు ఏం చదవాలో ఉపదేశి ఇష్టం కాదు. చర్చి పంచాంగంలో ముందే ఉంటుంది. జూలైలో, ఏడాది విడిచి ఏడాది, మోషే కథ వస్తుంది. ఆ ఏడు వచ్చింది. మా ఖర్మ.

మంగళవారం మైకులో ఇన్నయ్య గొంతు మరింత పెద్దగా వచ్చింది. ఆ ఊరి ఉపదేశి పేరు ఇన్నయ్య. యాభై దాటిన మనిషి, బక్కపలచని ఒళ్లు, గొంతు మాత్రం వాగు దాటి తండా దాకా పోతుంది. ఆ రోజు పఠనంలో ఐగుప్తు అధికారి ఒకడు మోషే జాతివాడిని కొడుతుంటాడు. మోషే అటూ ఇటూ చూసి, ఆ అధికారిని చంపి ఇసుకలో పూడ్చేస్తాడు.

“ఏమన్నాడు?” అన్నాడు కమాండర్.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన వాగు వైపు చూశాడు. ఆ వాగు నిండా ఇసుకే. “డ్యూటీలో ఉన్నవాడిని చంపి ఇసుకలో పూడ్చమని మైకులో చెబుతున్నాడు. పొద్దున్నే. నా క్యాంపుకు ఎదురుగా.”

“చెప్పడం కాదు సార్, చదవడం.”

“తేడా ఏమిటి?”

ఆ పూటే వెళ్లి ఇన్నయ్యను కలిశాను. గుడి మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. “అన్నా, నేను గూడ మనోన్నే. తరిగొప్పుల కాడ. పేరు రాయప్ప” అన్నాను.

నా టోపీ నుంచి బూటు దాకా చూశాడు. “రాయప్పనా? ప్రభువును మూడుసార్లు నేనెరుగ అన్న రాయప్పవేనా?”

“అన్నా, జర మైకు సప్పుడు తగ్గించి చదువు. మా సారు పరేషాన్ చేస్తుండు.”

“వాక్యం తగ్గించి సదువుడు నాకు రాదు. మీ సారుకు చెవుల దూది పెట్టుకోమను.” బీడీ ఆర్పి లేచాడు. “గీ బడి మా పిల్లలది. బెంచీల మీద బూట్లు ఆరేసిండ్రు. ముందుగాల గవి తియ్యున్రి.”

బూట్లు తీయించాను. అయినా ఎవరూ మాకు కూరగాయ ముక్క అమ్మలేదు. ఊరి పెద్ద రైతు తన పొలం మోటరు దగ్గర మేం నీళ్లు పట్టుకుంటున్నామని కరెంటు ఫ్యూజులే పీక్కుపోయాడు. తండా ఆడవాళ్లు గేటు ముందునుంచి పోతూ వాళ్ల భాషలో ఏదో తిట్టేవారు. అది అనువదించమన్నాడు కమాండర్. నాకు ఆ భాష రాదన్నాను. “ఇక్కడివాడివే కదా, ఎట్లా రాదు?” అని అనుమానంగా చూశాడు. ఊరివాళ్లకు నేను మిలిట్రోడిని, మిలిటరీకి నేను ఊరివాడిని. పగలంతా ఇద్దరి తిట్లూ నాకే అర్థమయ్యేవి.

శుక్రవారం కొంప మునిగింది. ఆ రోజు పఠనంలో ఐగుప్తు మీద ఆఖరి తెగులు వస్తుంది. మోషే తనవాళ్ల గుమ్మాలకు గొర్రెపిల్ల నెత్తురు పూయమంటాడు, గుర్తు ఉన్న ఇళ్లను దేవదూత విడిచిపెట్టి మిగతా ఇళ్ల మీద పడతాడు. ఈ మాటలు నేను హిందీలో చెప్పి గంట కూడా కాలేదు. ఊళ్లోకి పెట్రోలింగ్ పోయిన పార్టీ సెట్‌లోకి వచ్చింది.

“సార్, ఇళ్ల గడపల మీద ఎర్రటి గుర్తులున్నాయి. తాజాగా ఉన్నాయి. ఓవర్.”

“అన్ని ఇళ్లకా?”

“కొన్నింటికి ఉన్నాయి సార్. కొన్నింటికి లేవు. ఓవర్.”

కమాండర్ నా వైపు తిరిగాడు. నేను తల పట్టుకున్నాను. శుక్రవారం కదా, హిందువుల ఆడవాళ్లు పొద్దున్నే గడపలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. కతోలికుల గడపలకు పెట్టరు. అది చెప్పడానికి నా ప్రాణం తోకకొచ్చింది. “మా హర్యానాలో పెట్టరు” అన్నాడాయన. “మీ హర్యానాలో లేనిదంతా కుట్రేనా సార్?” అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

శనివారం కార్మెలు మాత పండుగ. ఇన్నయ్య ఆ మాట చెప్పి పఠనం మొదలుపెట్టాడు. లక్షల మంది మగవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు, గొడ్లు, ఐగుప్తు విడిచి కాలినడకన కదిలారు. ఇన్నయ్య అది చదివి మైకు ఆపాడు. ఊరు ఊరంతా కాలినడకన కదిలింది! ఆ రోజు రోడ్ల దిగ్బంధం అని వారం నుంచి పేపర్లలో వస్తూనే ఉంది. జెండాలు పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని, సద్దులు కట్టుకుని పరకాల రోడ్డు పట్టారు. ఇద్దరు ముగ్గురు గొడ్లను కూడా తోలుకొచ్చారు, రోడ్డుకు అడ్డం కట్టేయడానికి. సెట్‌లో పెద్దవంగర వైపు నుంచి కూడా అదే కబురు. చెట్లు నరికి రోడ్డుకడ్డం వేశారని.

ఆ మధ్యాహ్నం లాఠీచార్జి జరిగింది. మాలో కమాండర్‌తో కలిపి ఇద్దరికి తలలు పగిలాయి, వాళ్లలో ఎందరికో నేను చూడలేదు, చూడదలచుకోలేదు. లాఠీ ఎత్తినప్పుడల్లా నాకు మోచేతి కింద ఎముక ఒకటే కనబడింది. నేను షీల్డు పట్టుకుని వరస చివర నిలబడ్డాను. ఒక ముసలామె నా షీల్డు మీద ఉమ్మి, “నీకు అవ్వ లేదార?” అంది. నాకు తెలుగు రానట్టు నిలబడ్డాను.

క్యాంపుకు వచ్చాక కమాండర్ ఒకటే మాట. “ముందు మైకులో వస్తుంది. తర్వాత రోడ్డు మీద జరుగుతుంది. ఇది ప్రార్థన కాదు, ఆర్డర్.”

నిజం చెప్పొద్దూ, ఆయన తలకు కట్టిన పట్టీ చూస్తే నాకూ వాదించబుద్ధి కాలేదు. తెలుగు రాని మనిషి ఎవరైనా అదే అనుకుంటాడు.

సోమవారం పఠనంలో ఐగుప్తు రాజు ఫరో రథాలు వెంటపడ్డాయి. మంగళవారం ఎర్ర సముద్రం. మేం టీ గ్లాసులు పట్టుకుని వరసలో ఉన్నాం. ఇన్నయ్య ఆ రోజు ఒక్కో మాటా ఆపి ఆపి చదివాడు. సముద్రం మళ్లీ కలిసిపోయింది. రథాలను, రౌతులను, ఫరో సైన్యాన్ని మొత్తం ముంచేసింది. ఒక్కడూ మిగల్లేదు. కమాండర్ అడిగాడు, నేను చెప్పాను. వరసలో టీ తాగే చప్పుడు ఆగిపోయింది.

“పట్టుకురండి వాడిని” అన్నాడు కమాండర్.

ఇన్నయ్యను తరగతి గదిలో నిలబెట్టారు. పిల్లల బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. పరకాల నుంచి పోలీసు జీపు వస్తుంది, బలగాల మీద దాడికి రెచ్చగొట్టాడని కేసు పెడతారు. అట్లాంటి కేసుల్లో లోపలికి పోయిన మా ప్రాంతం పిల్లలు నెలల తరబడి బెయిలు లేక ఉన్నారు. ఇన్నయ్యకు ఇంట్లో మంచాన పడ్డ భార్య. ఆమెకు వేళకు అన్నం పెట్టేది ఆయన ఒక్కడే. గేటు బయట జనం చేరారు. “మా ఇన్నయ్యను ఇడువున్రి” అని అరుపులు. ఫ్యూజులు పీకిన రైతు అందరికన్నా ముందు నిలబడ్డాడు.

“గది నేను రాసుకున్నది కాదు” అన్నాడు ఇన్నయ్య. “ఇయ్యాల దినానికి గదే ఉన్నది. నాకు ఇష్టమున్నా లేకున్నా గదే సదవాలె.”

నేను అది హిందీలో చెప్పి, ఊరుకోకుండా ఒక మాట కలిపాను. “అవును సార్. ఇవాళ ప్రపంచంలో ఏ కతోలిక గుళ్లో అయినా ఇదే చదివారు.” చిన్నప్పటి నుంచి ఫాదర్లు మాకు గర్వంగా చెప్పే మాటే అది. రోములోనైనా, తరిగొప్పులలోనైనా ఒకటే వాక్యం అని.

“ఏ గుళ్లో అయినానా?” అన్నాడు కమాండర్. “మన వంటవాడు కూడా మీ మతమే కదా. కేరళవాడు. పిలవండి.”

వంటవాడు పిండి చేతులతోనే వచ్చాడు. మెడలో మరియమ్మ పతకం. నాకు ధైర్యం వచ్చింది. “ఇంటికి ఫోన్ చేసి ఇవాళ చర్చిలో ఏం చదివారో అడుగు” అన్నాడు కమాండర్. వాడు చేశాడు. వాళ్లమ్మ ఆ పొద్దున గుడికి పోయి వచ్చిందట, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వాడి మొహం వాడిపోయింది.

“మోషే లేడు సార్. మా దగ్గర వేరే చదివారు.”

నా దిమ్మ తిరిగింది. వాళ్లది సిరియన్ ఆచారమట. పోపుగారి కిందే ఉంటారు, కతోలికులే, కానీ పూజ వేరు, పంచాంగం వేరు, పఠనాలు వేరు! ఇన్నేళ్లు వాడితో కలిసి ఉపవాసాలున్నాను, జపమాల చెప్పాను. ఈ ముక్క వాడు చెప్పలేదు, నేను అడగలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని, “అన్నా, అబద్ధం ఎట్లా చెప్పను?” అన్నాడు.

“నువ్వు నిజం చెప్పి చంపావురా నాయనా” అన్నాను.

కమాండర్ బల్ల మీద గుద్దాడు. “నువ్వూ వాడూ ఒకటే. ఇక్కడివాళ్లంతా ఒకటే.” ఇన్నయ్యకు హిందీ అంతంతమాత్రం. అయినా సంగతి అర్థమైంది. నా వైపు చూసి, “నువ్వు నోరు మూసుకున్నా బాగుండు” అన్నాడు.

నాకు తిక్కరేగింది. నన్ను అబద్ధాలకోరు అంటే పడతాను. మా వాక్యాన్ని అబద్ధం అంటే ఎట్లా పడను? “సార్, మా ఊరి గుడి, ఈ గుడి ఒకటే పంచాంగం. మా అమ్మకు ఫోన్ చేస్తాను. స్పీకర్ పెడతాను. మీరే వినండి.”

“నీ అమ్మ నీకోసం అబద్ధం చెబుతుంది.”

“మా అమ్మ నాతో మాట్లాడ్డం లేదు సార్. మన లాఠీకి మా తమ్ముడి చెయ్యి విరిగింది. నా కోసం ఆమె నిజమే చెప్పదు, ఇంక అబద్ధమా?”

ఆ విషయం నేను అప్పటిదాకా అక్కడ ఎవరికీ చెప్పలేదు. “ఒక్క ప్రశ్న అడుగు. దానికి మించి ఒక్క మాట మాట్లాడినా ఫోన్ కట్” అన్నాడు కమాండర్.

నా నంబరు చూస్తే ఎత్తదని రేడియో ఆపరేటర్ ఫోన్ తీసుకున్నాను. చిన్నప్ప ఎత్తాడు.

“ఎవలు?”

“నేనేరా. అవ్వకియ్యి.”

“ఎందుకు? ఇంకో చెయ్యి మిగిలింది, గదీ ఇరగ్గొడ్తవా?”

వెనక నుంచి అవ్వ గొంతు, “ఎవర్ర?” అని. “నీ మిలిట్రీ కొడుకు” అన్నాడు వాడు. ఫోన్ చేతులు మారిన చప్పుడు. పెట్టేస్తుందనుకున్నాను. ఊపిరి వినిపించింది.

“అవ్వా, ఇయ్యాల గుళ్లె ఏం సదివిండ్రు?”

“ఏందిరా?”

“ఇయ్యాల గుళ్లె ఏం సదివిండ్రే?”

“తమ్ముని చెయ్యి ఎట్లున్నదని అడగవు. అవ్వా నువ్వు తిన్నవా అనవు. వాక్యం అడుగుతున్నవా?” ఆమె గొంతు లేచింది. కోపంతోనే. “నీ కండ్ల ముంగట నీ తమ్మునసోంటి పిలగాండ్లను కొట్టుకుంట వాక్యం ఎందుకురా నీకు?”

కమాండర్ వేలు ఎర్ర బటన్ మీద ఉంది. “అవ్వా, ఏం సదివిండ్రు?” అని మూడోసారి అడిగాను.

“ఇను అయితె. చెవులు పెట్టి ఇను. మోషే చెయ్యి చాపిండు. సముద్రం రెండు పాయలయింది. నడుమల నుంచి దేవుని జనం నడిసి పోయిండ్రు. ఫరో ఎంటబడ్డడు. ఫరో సిపాయిలు, ఫరో గుర్రాలు. తెల్లారంగ సముద్రం మల్ల కలిసింది. ఒక్కడు మిగల్లె.”

మోషే అనగానే కమాండర్ తల ఎత్తాడు. సముద్రం అనే మాటకు ఎవరూ హిందీ చెప్పనక్కర్లేదు. ఫరో పేరు మూడుసార్లు విన్నాడు. ఇన్నయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వింటున్నాడు.

అవ్వ ఆపలేదు. “అందరు లేచి గెలుపు పాట పాడిండ్రు. నాకు నోరు రాలె కొడుకా. గా మునిగినోళ్లకు తల్లులు లేరా అని గుళ్లెనే ఏడ్సిన. గా దిక్కు నువ్వున్నవు గదరా...”

లైన్ కట్ అయింది. ఆమే పెట్టేసింది.

“ఆఖరున ఏమంది?” అన్నాడు కమాండర్.

“అన్నం తిన్నావా అని అడిగింది సార్.”

ఆ ఊళ్లో నేను తప్పుగా అనువదించిన మాట అదొక్కటే.

కమాండర్ సెట్ అందుకుని జీపు అక్కర్లేదని చెప్పాడు. కానీ ఓడిపోయినట్టు కనబడటం ఆయనకు ఇష్టం లేదు. “మైకు మాత్రం దించండి. నోటితో ఏం చదువుకుంటాడో చదువుకోనీ” అన్నాడు. ఇద్దరు స్తంభం ఎక్కి మైకు ఊడదీసి తరగతి గది మూల పడేశారు.

నేను ఇన్నయ్యను గేటు దాకా తీసుకుపోయాను. కృతజ్ఞత చెబుతాడని కొంచెం ఆశపడ్డాను, నా మొహానికి! ఆయన ఆగి, “మీ సారు నీ మాట నమ్మలె. నీ అవ్వ నీతోని మంచిగ మాట్లాడలె” అన్నాడు. “ఎవలి కోసం తొడుక్కున్నవయ్యా గీ గుడ్డలు?” జనం ఆయన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. వాళ్లలో ఎవడో విసిరిన మట్టిపెళ్ల నా మెడకు తగిలింది. తుడుచుకుని మోర్చాలోకి వచ్చాను.

బుధవారం నుంచి ఇన్నయ్య మా గేటుకు ఎదురుగా వచ్చి, మోర్చా వైపు మొహం పెట్టి, నోటితోనే చదవడం మొదలుపెట్టాడు. మైకు ఉన్నప్పుడే నయం. ఆ రోజు ఎడారిలో ఆకలితో ఉన్నవాళ్లకు ఆకాశం నుంచి తిండి కురిసే కథ. మేమేమో ఊళ్లో ఏమీ అమ్మక రోజూ ఉత్త పప్పు తింటున్నాం. కమాండర్‌కు అది చెప్పాను. “మన వైపు కూడా ఒక మూట పడేయమను” అన్నాడు. వచ్చాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. శుక్రవారం ఆయనే ముందు లేచి గేటు దగ్గరికి వచ్చాడు. విన్నాడు. “మోషే పేరు రాలేదే?”

“ఇవాళ మగ్దల మరియమ్మ పండుగ సార్. పండుగ పఠనం వేరే ఉంటుంది. మోషేకు సెలవు.”

“మోషేకు కూడా సెలవు దొరుకుతుందన్న మాట” అన్నాడు. ఆ మరుసటి వారం కంపెనీని మహబూబాబాద్ స్టేషన్ డ్యూటీకి మార్చారు. లారీ ఎక్కేముందు ఆయన నా చేతిలో రెండు రోజుల సెలవు చీటీ పెట్టాడు. “నీ తమ్ముడి చెయ్యి చూసిరా” అన్నాడు. మైకును వెనక్కి ఇప్పించమన్నాను. స్తంభం కింద పెట్టించాడు. మేం కదులుతుండగా ఆడవాళ్లు బోరింగు దగ్గర చేరారు. ఆ బోల్టు పట్టుకుపోయినామె దాన్ని మళ్లీ బిగిస్తోంది.

యూనిఫాం సంచిలో కుక్కి, లుంగీ చొక్కాతో జనగామ దాకా బస్సుల్లో, అక్కడి నుంచి ట్రాక్టర్ మీద ఊరు చేరాను. మంగళవారం. జ్వాకీము, అన్నమ్మల పండుగ. మరియమ్మ తల్లిదండ్రులు వాళ్లు. మా అవ్వ పేరు అన్నమ్మ. ఏటా ఆ రోజు ఆమె కొత్త చీర కట్టి అమ్మలక్కలకు బెల్లం పాయసం పోసేది. ఆ రోజు పొయ్యి మీద ఉత్త అన్నమే ఉంది. నన్ను చూసి కాళ్లకు నీళ్లు పెట్టింది. కంచం పెట్టింది. మాట మాత్రం లేదు. చిన్నప్ప మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కుడి చేతికి వేళ్ల దాకా సిమెంటు పట్టీ. దాని మీద దోస్తులు ‘జై తెలంగాణ’ అని పెన్నుతో రాశారు.

పొద్దుగూకుతుండగా అవ్వ మరియమ్మ పటం ముందు వత్తి ముట్టించింది. జపమాల మొదలైంది. చిన్నప్ప లేచి కూర్చున్నాడు గానీ నా పక్కకు రాలేదు. జపమాల అయ్యాక అవ్వ రోజూ ఒక్కొక్కరి కోసం ఒక్కో పరలోక జపం చెబుతుంది. చనిపోయిన మా బాపు కోసం. వానల కోసం. తెలంగాణ కోసం. చిన్నప్ప చెయ్యి కోసం. నా పేరు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

“ఫరో సిపాయిల కోసం” అంది అవ్వ.

చిన్నప్ప తల ఎత్తాడు. “గా మునిగిపోయినోళ్లకెందుకే?”

“మునిగిపోయిండ్రు గనుకనే.” కళ్లు తెరవలేదు ఆమె.

“నేను చెప్ప.”

“చెప్పకు. నేను చెప్త.” ఒక్కతే మొదలుపెట్టింది. నేను కలపబోయాను, గొంతు రాలేదు. ఆ రోజు గుళ్లో ఆమెకు నోరు రానట్టే. ఆమె ఒక్కతే ఆఖరుదాకా చెప్పింది. ఏడుపు నాకు ఆగలేదు, ఆపుకోలేదు.

రాష్ట్రం వచ్చింది. నేను పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాను. అవ్వ పోయేదాకా ఆ జపం ఒక్క రోజూ మానలేదు. చిన్నప్ప చెయ్యి అతుక్కుంది, ట్రాక్టర్ నడుపుతాడు. మీరు మళ్లీ ఎక్కడైనా పంక్తిలో నా పక్కన కూర్చుని ఎటువైపు ఉన్నావని అడిగితే, నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రం ఒకటే.

అవ్వ ఆమెన్ అంది. వత్తి వెలుగులో చిన్నప్ప సిలువ గుర్తుకు కుడి చెయ్యి ఎత్తబోయాడు, సిమెంటు బరువుకు అది లేవలేదు. ఎడమ చెయ్యి ఎత్తాడు. నుదురు, గుండె తాకి, ఆ చేత్తో ఏ భుజం ముందో తేలక ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను నా చెయ్యి నుదుటికి ఎత్తాను. వాడు నన్ను చూస్తూ, మళ్లీ నుదుటి నుంచి మొదలుపెట్టాడు.